పాత చీరలు అడిగిన లంక

బాపట్ల నుంచి మా లారీలు రేపల్లె చేరేసరికి పొద్దున్న ఏడున్నర. అక్టోబరు నెల. వాన ఆగింది, ఎండ చుర్రుమంటోంది, ఊరంతా కుళ్ళిన వరి వాసన. కృష్ణ గట్టు తెగి లంకలు మునిగాయి. నాకు ముప్ఫై మంది జవాన్లు, నాలుగు పడవలు, నాలుగు మోటార్లు, రెండు రేడియో సెట్లు ఇచ్చారు. కర్నల్ గారు బాపట్లలోనే ఉండిపోయారు. రేపల్లెలో కమాండు నాది. తెనాలి పిల్లని, ఇంజినీర్ల దళంలో కెప్టెన్ని. కాగితం మీద అంతే.

"మిలిటరీలో ఆడవాళ్ళకి భలే గౌరవం కదమ్మా" అని ఇప్పటికీ మీరంతా అడుగుతుంటారు. గౌరవానికేం లోటు! కుర్చీ వేసేవాళ్ళు, గొడుగు పట్టేవాళ్ళు. ఆ గౌరవం సంగతే చెబుతాను, వినండి.

మా సుబేదార్‌ది అమృతలూరు. నెరిసిన మీసం, నిదానమైన గొంతు, జవాన్లందరికీ ఆయన మాటంటే గురి. వాళ్ళ ముందు హిందీలో "జైహింద్ మేడం సాబ్" అని సెల్యూట్ కొట్టేవాడు. పక్కకి రాగానే తెలుగులోకి దిగేవాడు. తెలుగులోకి దిగితే నేను కెప్టెన్ని కాను, ఆయన కూతురి వయసు పిల్లని.

"నువ్వెందుకు తల్లీ నీళ్ళలోకి? మేమున్నాం కదా. టెంట్లో కూర్చుని మ్యాపు చూసుకో."

"మ్యాపులో నీళ్ళు లేవండి సుబేదార్ గారూ," అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మొదటి రోజు లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవెక్కాను. మోటారు స్టార్ట్ కాలేదు. పడవ నడిపే హవల్దార్ చెమటలు కక్కుకుంటూ తాడు లాగాడు. "పెట్రోల్లో నీళ్ళు చేరాయి మేడం," అన్నాడు. వరదలో నమ్మదగ్గ మాటే. దిగి గట్టెక్కాను. నేను టెంటు చేరేలోపే అదే పడవ బుర్రుమంటూ వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి నా కళ్ళు ఊరుకోలేదు. నేను టెంట్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. నేను ఆర్డరిస్తే రేడియో ఆపరేటర్ ముందు సుబేదార్ ముఖం చూసి, తర్వాత "ఎస్ మేడం" అనేవాడు. ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెబితే పోట్లాడొచ్చు. ఈ మర్యాదతో ఎలా పోట్లాడతాం?

రెండో రోజు సాయంకాలం, లంకలో స్కూలు దగ్గరకు వెళ్ళిన పడవ నుంచి రేడియో పలికింది. మాటలన్నీ హిందీలోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"రేపల్లె, రేపల్లె. బియ్యం అందింది. జనం క్షేమం. ఇంకోటి అడుగుతున్నారు, ఓవర్."

"ఏంటి, ఓవర్?"

"పాత చీరలు. నూలువి. ఎన్ని ఉంటే అన్ని. ఓవర్."

ఆపరేటర్ పకపకా నవ్వాడు. సుబేదార్ నా వైపు తిరిగి, "చూశావా తల్లీ, కొంపలు మునిగినా మన ఆడోళ్ళకి చీరల పిచ్చి పోదు. చీరాల పక్కనేగా, కొత్తవే తెప్పిద్దాం," అన్నాడు.

పాత నూలు చీరలు దేనికి చింపుతారో మన ఇళ్ళలో ఏ ఆడపిల్లకైనా తెలుసు. అక్కడెవరో బాలింత ఉంది. రక్తం ఆగడం లేదు. బాలింత ఉన్న మూలకి మగవాళ్ళు పోరు. ఆ సంగతి మగవాళ్ళతో చెప్పరు. వరండాలో నిలబడి "అంతా బాగున్నారా?" అని అడిగిన జవానుకి ఊరి పెద్ద "బాగున్నారండి" అనే చెబుతాడు. పాపం, ఆయనకి తెలిసింది అంతే.

ఆ పడవలో ఉన్న నర్సింగ్ అసిస్టెంట్‌ని లోపలికి వెళ్ళి చూడమన్నాను. "ఎవరికీ జబ్బు లేదంటున్నారు మేడం, ఓవర్." నేనే వెళ్దామని పడవను వెనక్కి రమ్మన్నాను. ఆపరేటర్ మళ్ళీ సుబేదార్ ముఖం చూశాడు. "సిగ్నల్ పోయింది మేడం." నిమిషం క్రితం ఖంగున పలికిన సెట్టు! గట్టు దగ్గర మిగిలిన ఒక్క పడవ ఎక్కాను. మోటారు మళ్ళీ మొండికేసింది. సుబేదార్ ఆకాశం చూసి, "పొద్దు వాలుతోంది. మునిగిన కరెంటు స్తంభాలు కనబడవు. రేపు చూద్దాం తల్లీ," అన్నాడు.

మర్నాడు ఆరింటికే పడవెక్కాను. ఈసారి హవల్దార్ తాడు లాగుతుంటే అతని చేతుల వంక చూడలేదు, మోటారు వంక చూశాను. దానికి, నడిపేవాడి చేతికి కట్టుకునే ఎర్ర దారంతో ఒక క్లిప్పు ఉంటుంది. నడిపేవాడు నీళ్ళలో పడితే అది ఊడొచ్చి ఇంజిన్ ఆగుతుంది. అది లేకపోతే ఎంత లాగినా స్టార్ట్ కాదు. క్లిప్పు లేదు.

"క్లిప్ ఏది?"

హవల్దార్ పడవలో వెతకలేదు. సుబేదార్ చొక్కా జేబు వంక చూశాడు.

చెయ్యి చాపాను. ఆయన గొంతు తగ్గించి, "నీ మంచికే తల్లీ. పై నుంచి వచ్చిన మాట. నీకేమన్నా అయితే మీ నాన్నకి నేనేం చెప్పుకోను?" అన్నాడు.

"హిందీలో చెప్పండి సుబేదార్ సాబ్," అన్నాను, అందరికీ వినబడేలా. "కెప్టెన్‌కి చెప్పినట్టు చెప్పండి."

ఆ మాట హిందీలో ఆయన నోట రాలేదు. జేబులోంచి క్లిప్పు తీసి ఇచ్చాడు. మోటారు మొదటి లాగుకే అందుకుంది.

అరటి తోటల మీదుగా పడవ వెళ్ళింది. స్కూల్లో చివరి గదికి దుప్పట్లు అడ్డం కట్టారు. వెనక ఇరవయ్యేళ్ళ పిల్ల పడుకుని ఉంది, ముఖం సున్నం కొట్టినట్టుంది. పక్కన ఆమె తల్లి, ఒళ్ళో పసిగుడ్డు.

"సిపాయిలు వచ్చారుగా అమ్మా, చెప్పలేదేం?"

"మగాళ్ళతో ఏం చెప్పమంటావమ్మా? అందుకే చీరలడిగాం. మీలో ఆడమనిషి ఎవరన్నా ఉంటే కనిపెట్టుద్దని."

కనిపెట్టాను. ఏం లాభం? రేపల్లె నుంచి జీపులో తెనాలి ఆసుపత్రికి బయల్దేరాం. వేమూరు దాటాక ఆ పిల్ల ప్రాణం పోయింది. "నిన్న తెచ్చుంటే..." అంటూ ఆసుపత్రిలో డాక్టరు టైము రాసుకున్నాడు.

నీళ్ళు తీశాక బాపట్ల తిరిగొచ్చాం. కర్నల్ గారు టీ ఇప్పించారు. నన్ను పడవెక్కనివ్వొద్దని ఎవరు చెప్పారు సార్ అని అడిగాను. "ఎవరూ చెప్పలేదే! నీ భద్రత అందరి బాధ్యత కదా," అన్నారు. సుబేదార్‌ని అడిగాను. ఆయన అటెన్షన్‌లో నిలబడి, ఈసారి చక్కగా హిందీలో, "పెట్రోల్లో నీళ్ళు చేరాయి మేడం సాబ్," అన్నాడు. హవల్దార్‌దీ అదే మాట. ఫిర్యాదు చేశాను. తప్పు మోటారుదేనని తేల్చారు. నా మీద మాత్రం, తోటివాళ్ళను అనుమానించే స్వభావం అని పైకి రాసి పంపారు. సర్వీసు ముగిసింది, తెనాలి వచ్చేశాను. అవును, అనుమానిస్తాను. "నీ మంచికే" అన్నవాణ్ణి చచ్చినా నమ్మను.

ఆ రోజు జీపులో ఆ పిల్ల తల నా ఒళ్ళో ఉంది. అప్పటికే చల్లబడింది. ఎదురు సీట్లో ఆమె తల్లి ఏడవలేదు. నా యూనిఫాం వంక, భుజం మీది నక్షత్రాల వంక చాలాసేపు చూసింది.

"నిన్న కూడా నువ్వు రేపల్లెలోనే ఉన్నావా అమ్మా?"

"ఉన్నానమ్మా."

ఆమె పసిగుడ్డును ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, నా వైపు నుంచి ముఖం తిప్పేసుకుంది.