మొదటి నుంచి పెట్టు

గోపికి ఏదైనా మొదటి నుంచి మొదలుకావాలి. మధ్యలో అందుకున్న ముచ్చట, మధ్యలో విన్న పాట, మధ్యలో చూసిన గొడవ, ఇవేవీ అతనికి పడవు. బస్సులో ఇద్దరు సీటు కోసం తగవు పడుతుంటే, దారిలో ఎక్కిన గోపి వాళ్ల నడుమ దూరి, "జర ఆగున్రి, మొదలు ఎవరేమన్నరు?" అని అడుగుతాడు. ఆ ఇద్దరూ మొదటి నుంచి చెప్పుకొచ్చేసరికి వాళ్లకే నవ్వొచ్చి, ఒకే సీట్లో సర్దుకుని కూర్చున్న సందర్భాలున్నాయి. ఇద్దరూ ఏకమై గోపిని తిట్టిన సందర్భాలు అంతకంటే ఎక్కువ.

సొంత పెళ్లిలో కూడా ఇదే తంతు. మానవపాడు చర్చిలో పాస్టరుగారు మొదలుపెట్టగానే మైకు మొరాయించింది. బాగుచేసేసరికి ప్రార్థన సగం దాటిపోయింది. పెళ్లికొడుకు చెయ్యెత్తి, "అయ్యగారు, మొదలు ఎవరికీ వినవడలే. మల్లోసారి కానియ్యున్రి" అన్నాడు. పక్కన పూలదండ బరువుకు మెడ లాగుతున్న రోజాకు, తనకు ఎటువంటి మొగుడు దొరికాడో అప్పుడే తెలిసిపోయింది.

రోజా దీనికి పూర్తిగా వ్యతిరేకం. గద్వాల పాత బస్టాండు దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఎవరైనా "తలకు..." అన్నారంటే చాలు, చేతిలో తలనొప్పి గోలీ పెట్టి పక్కవాళ్ల వైపు తిరుగుతుంది. పాపం ఆయనకు కావలసింది తలకు రాసుకునే నూనె. అన్నం ఉడక్కముందే మూత తీసి చూస్తుంది. సీరియల్ ఏదైనా ఆఖరి రోజు మాత్రమే చూస్తుంది. కాలు ఒకచోట నిలవదు, ఎవరి మాటా చివరిదాకా వినదు. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఎట్లా కాపురం చేస్తున్నారని గద్వాలలో అనుకోనివాళ్లు లేరు.

గోపికి దుకాణం ఉంది. పేరు 'ఆది గేమ్స్'. రెండు పెద్ద టీవీలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిమీద ఒక్కటి మొట్టితే తిరిగే ఫ్యాను. అక్కడ అందరూ ఆడే ఆట 'నవశిఖరం'. తొమ్మిది కొండలు, అడవులు, కోటలు, ఆఖరి కొండమీద ఒక రెక్కల పాము. ఎటు పోవాలంటే అటు పోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ ముందు ముప్పావుగంట సేపు ఒక చిన్న ఊళ్లో ఉండాలి. కోళ్లకు గింజలు వెయ్యాలి, నీళ్లు మొయ్యాలి, విరిగిన కంచె కట్టాలి. చివరికి ఊరి వాకిట్లో ఒక ముసలామె రొట్టెల మూట ఇస్తుంది. అది చేత పట్టుకుంటేనే వాకిలి తెరుచుకుంటుంది.

ఈ కథనంతా దాటించే స్కిప్ బటన్ ఒకటి కంట్రోలర్ మీద ఉంది. గోపి దాని మీద, పైపుల కంతలకు పెట్టే ఎంసీల్ ముద్ద పెట్టి మూసేశాడు. చిక్కేమిటంటే, ఆటలో గెంతడానికి కూడా అదే బటన్. అందుకని ఆది గేమ్స్‌లో వీరులెవరూ గెంతరు. వాగు అడ్డొస్తే వంతెన దాకా చుట్టూ తిరిగి పోతారు.

పైగా ఆట మాటలన్నీ ఇంగ్లీషు. అందుకని గోపి టీవీ పక్కన నిలబడి అందరి గొంతులూ తనే చెప్తాడు. ముసలామె దగ్గరికొచ్చేసరికి నడుం వంచి, గొంతు వణికించి, "అయ్యా, గీ రొట్టెల మూట వట్టుకొని పో. యాలకు తిను" అంటాడు.

"అన్నా, నీకు దండం పెడ్త. నన్ను సక్కగ పాము కాడ దించు" అని డిగ్రీ చదివే శ్రవణ్ కుమార్ మొదట్లో బతిమాలేవాడు.

"పామును ఎందుకు కొడ్తవ్?"

"ఆటే గది గదన్నా."

"ఎందుకు కొడుతున్నవో తెల్వకుంట కొట్టేటోన్ని రౌడీ అంటరు. ముందుగాల కోళ్లకు గింజలెయ్."

"కోళ్లకూ పాముకూ ఏం సంబంధమన్నా?"

"లేగదూడను పొద్దంత కట్టేసి సాయంత్రం ఇప్పి చూడు, గదే మైదానం దానికి ఎంత పెద్దగ కనవడ్తదో. గీ ఊళ్లె జరసేపు కట్టేసుకున్నోనికే ఆ తొమ్మిది కొండలు కొండల్లెక్క కనవడ్తయి. లేకుంటె అన్నీ రంగుల బొమ్మలే."

శ్రవణ్ కుమార్ ముక్కుతూ మూలుగుతూ గింజలు వేశాడు. వారం తిరిగేసరికి అతనే మందుల దుకాణం ముందు నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని, "అక్కా, మా ఊరు కాలవెట్టిన్రు. నా కోళ్లు యాడ వోయినయో తెల్వదు" అన్నాడు. రోజా అతనికి జ్వరం గోలీ ఇచ్చి పంపింది.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. రోజా తండ్రి ఇస్రాయేలు వచ్చాక నవ్వులు తగ్గాయి.

ఇస్రాయేలు బతుకంతా వలసలోనే గడిచింది. పెద్దన్న అనే మేస్త్రి గుంపులో చేరి, ఎక్కడ కాలువ తవ్వినా ఎక్కడ కట్ట పోసినా అక్కడికి పోయాడు. తల్లి లేని రోజాను నాయనమ్మ ఎస్తేరమ్మ మానవపాడులో పెంచింది. తండ్రి ఏడాదికోసారి వచ్చేవాడు, నాయనమ్మ రొట్టెలు కాల్చి మూట కట్టేది, తండ్రి పోయేవాడు. ఇప్పుడు ఎస్తేరమ్మ లేదు. ఇస్రాయేలు మోకాళ్లు సహకరించక కూతురింటికి వచ్చాడు. వచ్చిన రోజు రోజా, "నాయినా, నీ బట్టలు..." అని మొదలుపెట్టగానే దుకాణం నుంచి ఫోను మోగింది. మిగతా మాట నోట్లోనే పెట్టుకుని ఉరికింది.

సాయంత్రం వచ్చి చూస్తే బ్యాగు గడప పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అట్లాగే ఉంది. ఆ పైవారం పెద్దన్న మేస్త్రి ఫోను చేసి, శుక్రవారం గుంపు బయలుదేరుతోందని, కాపలా పని ఉంది రమ్మని పిలిచాడు. ఇస్రాయేలు అవుననలేదు, కాదనలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరగడం మొదలుపెట్టాడు.

తండ్రి ఇక్కడే ఉండిపోవాలని రోజాకు ప్రాణం కొట్టుకుంటోంది. అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడిగాక కాదంటే ఆ మాట ఎట్లా మొయ్యాలో ఆమెకు తెలియదు. చెయ్యి ఊరికే ఉండలేక జొన్న రొట్టెలు కొట్టింది. పల్చగా కొట్టి, పెళుసుగా కాల్చి, నెల నిలవుండే కడక్ రొట్టెలు బుట్టెడు చేసింది. బయటి అన్నం ఆయనకు సయించదని ఆమె బాధ.

"గిన్ని రొట్టెలెందుకు?" అన్నాడు గోపి.

"నాయిన పోతుండు గద."

"పోతనని ఎవరన్నరు?"

"బ్యాగు కనవడ్తలేదా?"

"బ్యాగుకు నోరుందా? ఆయన ఏమన్నడో మొదలు నుంచి చెప్పు."

"నీ మొదలు పాడుగాను" అని రోజా పెనం మీద రొట్టె తిప్పింది. "పొద్దంత ఆయన్ను నీ దుకాణంల కూసోవెట్టుకొని, దినాం ఆ ఆట కొత్తగ మొదలువెట్టిస్తున్నవంట గద. ముసలాయనతోని గిదేం పిచ్చి?"

గోపి ఏదో చెప్పబోయాడు. రోజా అప్పటికే పెరట్లో ఉంది.

గురువారం నాడు తండ్రిని వెంటబెట్టుకుపోయి దుప్పటి కొనిపెడదామని రోజా సెలవు పెట్టి ఆది గేమ్స్‌కు పోయింది. లోపల కుర్చీ అంచున ఇస్రాయేలు కూర్చుని ఉన్నాడు. టీవీలో ముసలామె మూట చాపి నిలబడింది. పక్కన గోపి నడుం వంచి, "అయ్యా, గీ రొట్టెల మూట వట్టుకొని పో" అంటున్నాడు. ఇస్రాయేలు ముఖం పక్కకు తిప్పుకుని, వీరుణ్ని వెనక్కి నడిపించి కోళ్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"గిదే లొల్లి అక్కా" అన్నాడు వెనక కూర్చున్న శ్రవణ్ కుమార్. "తాత మూట ముట్టడు, వాకిలి తెరువది. కోళ్లకు గింజలేసుడు, వాపస్ వచ్చుడు. దినాం అన్న మల్ల మొదటి నుంచి పెట్టుడు. అన్న ఎనిమిదో కొండ మీదుండె. ఆ టీవీల ఒక్కరి ఆటనే సేవ్ అయి ఉంటదని, తాత కోసం అదంత తుడిచేసిండు."

రోజా మొగుడి వైపు చూసింది. ఏడాది పాటు, గెంతకుండా, ప్రతి వాగూ చుట్టూ తిరిగి ఎక్కిన ఎనిమిది కొండలవి. గోపి ఫ్యానును మొట్టుతూ అటు తిరిగాడు.

"నాయినా, ఆ మూట తీస్కో. తీస్కుంటెనే తలుపు తెరుస్తది" అంది రోజా.

"అందుకే తీస్కుంటలేను బిడ్డా."

"ఎందుకట్ల?"

"మూట గట్టిన్రంటె పొమ్మన్నట్టే గద. మూట వట్టినంక మల్ల ఇంట్లకు మర్లొద్దని మీ నాయనమ్మ అంటుండె. బతుకంత వట్టుకొని వోతి. గీ ఆటలనన్న ఊళ్లె ఉందామని." ఇస్రాయేలు కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంట్ల నువ్వు గూడ రొట్టెలు జేస్తివి. నీ మనసు తెలిసింది. రేపు పోత తియ్."

రోజా తండ్రి కుర్చీ ముందుకొచ్చింది. "నేను పొమ్మన్ననా? నువ్వు బ్యాగు ఇప్పకుంట గడపల పెడ్తివి. పోతవనుకొని రొట్టెలు జేస్తి."

"నువ్వు రొట్టెలు జేస్తివనే నేను..."

"ఆగున్రి" అన్నాడు గోపి. అతని ముఖం వెలిగిపోతోంది. "మధ్యల వద్దు. మొదలు చెప్పున్రి. బ్యాగు ముందా, రొట్టెలు ముందా?"

"బ్యాగే" అంది రోజా.

"మామా, బ్యాగు ఎందుకు ఇప్పలే?"

"యాడ ఇప్పాలె అల్లుడా? ఇన్నేండ్లు రేకుల షెడ్లల్ల బ్యాగునే నెత్తికింద పెట్టుకొని పంటిని. ఇంట్ల బట్టలు యాడ వెట్టాల్నో నాకేం తెలుసు? వచ్చిన నాడు బిడ్డ ఏమో చెప్పవోయింది. చెప్తదని చూస్తున్న."

రోజాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. నీ బట్టలు అలమారలో కింది అరలో పెట్టుకో నాయినా, ఆ అర నీకోసమే ఖాళీ చేసిన. ఇదీ ఆ రోజు నోట్లో మిగిలిపోయిన మాట. ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాటి వెనకే ప్రాణం లేచి వచ్చింది.

"కింది అర నీదే నాయినా" అంది. "పోకు. ఈడనే ఉండు."

ఇస్రాయేలు కండువాతో ముఖం తుడుచుకుని, "గా మాట మొదలే అనకపోతివి" అన్నాడు.

"నీకు తెలిసి గూడ నాకెందుకు చెప్పలే?" అని రోజా గోపి మీద పడింది.

"చెప్పవోతె పెరట్లకు వోతివి" అన్నాడు గోపి. "మామను అడిగితె నోరిప్పడు. ఏం జెయ్యాలె? ఒక్కనాడన్న నువ్వు వచ్చి గీ ముసలామెను చూస్తవని, దినాం మొదటి నుంచి పెట్టుకుంట కూసున్న."

అంతలో ఇస్రాయేలు ఫోను మోగింది. పెద్దన్న మేస్త్రి. ఇస్రాయేలు గొంతు సవరించుకుని, "రాను పెద్దన్నా. ఎందుకంటవా? మొదటి నుంచి చెప్త విను. నేను మానవపాడుల పుట్టిన నాడు..." అని అందుకున్నాడు. మేస్త్రి ఫోను పెట్టేశాడు.

రోజా ఇంటికి పోయి రొట్టెల బుట్టే ఎత్తుకొచ్చింది, పల్లీల కారం కూడా తెచ్చింది. నలుగురూ కూర్చుని తింటుంటే కరకరలకు టీవీ కూడా వినిపించడం లేదు. ఇస్రాయేలు చేతులు దులుపుకుని కంట్రోలర్ అందుకున్నాడు. "ఇగ మూట తీస్కుంట. ఏడికి వోయినా మర్లి రానీకె ఇల్లుంది గద" అన్నాడు. తెరమీద మూట చెయ్యి మారింది, వాకిలి తలుపు కిర్రుమంది, శ్రవణ్ కుమార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"జర ఆగున్రి" అంది రోజా, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఆ కోళ్ల ముచ్చట నేను చూడనేలేదు. మొదటి నుంచి పెట్టు."

శ్రవణ్ కుమార్ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. గోపి ఫ్యాను నెత్తిమీద ఒక్కటి మొట్టి, నడుం వంచుకోవడానికి సిద్ధమయ్యాడు.