పులిగడ్డ రేవులో రెండు జతల ఫిన్స్

ఏటి ఉరవడిలో డైవింగ్‌కి ఏ ఫిన్స్ మంచివని నన్నడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, నాకు ఈత రాదు. అయినా డెబ్బైల మొదట్లో ఒక సెప్టెంబరు శనివారం, మా ఆయన దానియేలుతో బెజవాడ నుంచి పులిగడ్డ దాకా వెళ్లి, రెండు జతల్లో ఒకటి ఎంచి తెచ్చిన అనుభవం ఉంది. ఆయన నీళ్లలో మునిగి పనిచేసే డైవరు. కృష్ణ మీద కొత్తగా కడుతున్న ఒక వంతెన స్తంభాల అడుగున కోత పడిందేమో చూసే పనికి సోమవారం వెళ్లాలి. ఆయనకు ముందు ఆ పనిలో ఉన్న మనిషిని ఉరవడి మైలు దూరం ఈడ్చుకుపోయింది. బతికి బట్టకట్టి, ఇక నావల్ల కాదని ఇంటికెళ్లిపోయాడట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. మద్రాసు స్నేహితుడొకాయన, ఈదేటప్పుడు పాదాలకు తొడుక్కునే ఈ రబ్బరు రెక్కలు రెండు జతలు పంపి, నచ్చినవి ఉంచుకుని రెండోవి తిప్పి పంపమన్నాడు. ఏవి నచ్చాలో పులిగడ్డ ఏట్లో తేలేదాకా ఈయన్ని ఒంటరిగా వదిలేది లేదని నేనూ బయల్దేరాను.

పొద్దున్నే ఆరుగంటల అవనిగడ్డ బస్సెక్కాం. ఒక జత పొడుగ్గా, పల్చగా, చేత్తో వంచితే వంగేట్టుంది. రెండోది పొట్టిగా, వెడల్పుగా, నల్లటి మందపాటి రబ్బరు. మధ్యలో నీళ్లు పోవడానికి సందులున్నాయి, ఎత్తితే ఇటుకంత బరువు. సంచిలో పట్టక బయటికి పొడుచుకొచ్చిన వాటిని చూసి కండక్టరు ఆగిపోయాడు.

“ఇయ్యేంటండీ, బాతు కాళ్లా?”

“మా ఆయనవేనండి,” అన్నాను. బస్సంతా ఈయన కాళ్లవైపే చూసింది. పామర్రు వెళ్లే ఒక పెద్దావిడ మాత్రం, అలాంటివి వరిచేలో నాట్లకు పనికొస్తాయా అని చాలా శ్రద్ధగా అడిగింది.

దారిలో కంకిపాడులో దిగాం. అక్కడ మా అక్క మగడికి ఇటుకబట్టీ ఉంది. మట్టి తవ్విన గుంట వాననీళ్లతో నిండి ఉంటే, ఈయన అందులో రెండు జతలూ తొడిగి చూశారు. పొడుగు జతతో హాయిగా దూసుకుపోయారు. పొట్టి జతతో ఆయాసపడ్డారు. “ఇంకేం, తేలిపోయింది సుగుణా, తిరిగి పోదాం,” అన్నారు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. గుంటలో నీళ్లు ఎటూ పోవడం లేదు కదా! ఉరవడి కోసం తెప్పించినవాటిని ఉరవడే లేని చోట చూసి సంబరపడితే ఎలా? నా పోరు పడలేక ఎనిమిది గంటల బస్సెక్కారు.

పామర్రులో టిఫిను. చల్లపల్లి దాటాక రోడ్డు బాగా పాడై, అవనిగడ్డ చేరేసరికి పదిన్నర దాటింది. అక్కణ్నుంచి రిక్షాలో పులిగడ్డ రేవుకెళ్లాం. అప్పట్లో అక్కడ వంతెన లేదు, అవతలి గుంటూరు జిల్లా ఒడ్డుకు పడవలోనే దాటాలి. ఎగువన బెజవాడ బ్యారేజీ గేట్లెత్తి నీళ్లు వదులుతున్నారు. ఎర్రటి నీరు సుళ్లు తిరుగుతూ పోతోంది. నాంచారయ్యగారనే పెద్దాయన పడవను మాట్లాడుకున్నాం. ఒడ్డుకు కొంచెం దూరంగా లంగరేసి నిలిపారు.

ఈయన నడుముకి తాడు కట్టుకుని, పొడుగు జత తొడుక్కుని దిగారు. పడవ పక్కనే ఉన్నచోట నిలవాలని లెక్క. గుంటలో దూసుకుపోయిన ఆ ఫిన్స్ ఇక్కడ ప్రతి తన్నుకీ వెనక్కి మడత పడ్డాయి. నిమిషం తిరక్కుండానే తాడు బిగిసింది. తర్వాత పొట్టి జత వేసుకున్నారు. ఈసారి కదలకుండా నిలవడమే కాదు, పడవ ముక్కు దాకా ముందుకొచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. దాంతో ఉత్సాహమొచ్చి, అడ్డొస్తోందని తాడు విప్పేశారు.

గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగో నిమిషంలో ముఖం రంగు మారింది. పిక్క పట్టేసింది. చూస్తుండగానే మనిషి దిగువకు జారిపోయాడు. నేను కేకలు పెట్టాను. నాంచారయ్యగారు లంగరు లాగుతూనే అరిచారు.

“ఎదురు మానెయ్యి బాబూ! అడ్డంగా తిరుగు, గట్టు మొకాన! మెల్లిగా తన్ను!”

ఈయన తిరిగారు. ఒక కాలితోనే మెల్లగా తన్నుకుంటూ, ఏటవాలుగా కొట్టుకుపోతూనే, ఫర్లాంగు దూరంలో గట్టు పట్టుకున్నారు. మేం చేరేసరికి బురదలో కూర్చుని నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుస్తూనే తిట్టాను, తిడుతూనే పిక్క రుద్దాను.

“మా పడవ మాత్రం ఎదురెల్లుద్దా అమ్మా? నీటికి ఎదురు నిలబడి ఎంతసేపని! పక్కకొచ్చేయటం తెలిస్తే సాలు,” అన్నారు నాంచారయ్యగారు.

తనింట్లోనే మాకు చేపల పులుసుతో భోజనం పెట్టించారు. డబ్బిస్తే తీసుకోలేదు. తింటున్నంతసేపూ నేను అదే ఆలోచించాను. పొద్దుట్నుంచీ ఏ జతతో గట్టిగా నిలబడగలరనే చూశాం, ఏ జతతో బయటపడగలరో చూడలేదు.

పిక్క నెమ్మదించాక, పడవ దిగువన కాపుండగా, ఒకేచోటు నుంచి రెండు జతలతోనూ ఒడ్డుకు అడ్డంగా రమ్మన్నాను. చేరిన చోటల్లా పుల్ల పాతాను. పొడుగు జత పుల్ల దిగువన ఎక్కడో పడింది. పొట్టి జతతో, మెల్లగా తన్నినా, అందులో సగం దూరంలోనే గట్టెక్కారు. మడమ దగ్గర ఒరుసుకుంటోందంటే మేజోళ్లు తొడిగించి మళ్లీ రప్పించాను. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు. నాలుగు గంటల బస్సుకి తిరుగు ప్రయాణమయ్యాం.

సోమవారం సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే పరుగెత్తి, “ఎంత దూరంలో గట్టెక్కారు?” అని అడిగాను. “స్తంభం ఎలా ఉందో అడగవేం?” అన్నారు. స్తంభం సంగతి నాకెందుకు! ఉరవడిని గెలిచే ఫిన్స్ తేవాలని బయల్దేరిన మాట నిజమే, కానీ నాకు కావలసింది గెలుపు కాదని ఆ రేవులోనే తెలిసింది. ఇంటికొచ్చే మనిషి కావాలి నాకు. ఇప్పుడు పులిగడ్డలో వంతెన ఉంది, బెజవాడ నుంచి అదే దారిన కారులో రెండు గంటల్లోపే చేరుకోవచ్చు. ఫిన్స్ కొనేవాళ్లకు నా సలహా ఒక్కటే. కదిలే నీళ్లలో, దిగువన పడవ పెట్టుకుని, అడ్డంగా ఒడ్డుకు వచ్చి చూడండి. దగ్గరలో గట్టెక్కించిన జతే మీది. ఆ దూరం కొలవడానికి మాత్రం మీకోసం ఎదురుచూసే మనిషినే నిలబెట్టండి, వాళ్లు ఒక్క గజం కూడా తగ్గించి చెప్పరు.