దుప్పటి కింద బేరం

మా చిన్నాన్న వెంకటాచలపతి పాత మద్రాసు మార్కెట్టులో మిరపకాయల దళారి. ఆయన నోటితో ధర చెప్పగా ఎవరూ వినలేదు. కొనేవాడి చెయ్యి పట్టుకుని, పైన తుండు కప్పి, వేళ్ళు నొక్కి బేరమాడేవాడు. కుదరకపోతే అవతలివాడి అరచేతిలో గోటితో ఒక గీత గీసేవాడు. ఇక ఎవరొచ్చి చెప్పినా ఆ బేరం లేదు. చుట్టాలొస్తే ఎంతమందికి వండాలో హైమ పిన్నికి కొంగు కింద అలాగే చెప్పేవాడు.

"పదిమందిలో ఈ గిల్లుడేందబ్బా!" అని ఆమె నవ్వుతూనే విసుక్కునేది.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో ఊపిరితిత్తులు చెడి ఆయన్ని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పెట్టారు. గొంతులో గొట్టం, మాట లేదు. గొట్టం పీక్కుంటాడని చేతులు మంచానికి కట్టేశారు. గింజుకుంటున్నాడని, విదేశం నుంచి కొత్తగా తెప్పించిన కళ్ళజోడు యంత్రం తగిలించారు. డబ్బాలా ముఖాన్ని కప్పేసే దాని లోపల కంప్యూటరు గీసిన మంచుకొండలు, జలపాతాలు కదులుతాయట. రోగి అన్నీ మరిచి నెమ్మదిస్తాడట! మాట పోయిన మనిషికి మిగిలినవి కళ్ళూ చేతులూ. ఆ రెండూ లాక్కుని, దానికి వైద్యమని పేరు పెట్టారు.

పిన్ని చూడ్డానికి వెళ్ళేసరికి డాక్టర్ హరిచరణ్ ఎవరో అతిథులకు ఆ యంత్రం గొప్ప చెబుతున్నాడు.

"చూడండమ్మా, ఎంత ప్రశాంతంగా ఉన్నారో."

పిన్ని దుప్పటి కింద చెయ్యి పెట్టింది. కట్టేసిన చేతి గోరు ఆమె అరచేతిలో గీసింది. మళ్ళీ గీసింది.

"ఈయనకిది వద్దంట. తీసెయ్యండి సార్."

"ఆయన మాట్లాడలేరు కదమ్మా!"

"నాకు చెప్పినాడు. మీరు అడిగితే కదా మీకు చెప్పేదానికి!"

"అయ్యో, సార్ కోపపడతారమ్మా," అంది నర్సు చిన్నపొన్ను.

"పడనీ. నాకు లేదా కోపం?"

పిన్నే ఆ డబ్బా లాగేసింది. చిన్నాన్న కళ్ళు బిగించి మూసుకున్నాడు, రెప్పల సందున నీళ్ళు. ఊగే బొమ్మలకు కడుపులో తిప్పి, గొట్టం పక్కనుంచి వాంతి ఎగదన్నుకొస్తోంది. చిన్నపొన్ను పరుగున వచ్చి, తల పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసింది. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరాడేది కాదు.

"మానిటర్‌లో అంతా బాగానే ఉందే," అని గొణిగాడు డాక్టర్. మనిషిని అడగకుండా మానిటర్‌ని అడిగితే అదేం చెబుతుంది?

చిన్నాన్న చేతుల కట్లు విప్పారు. డాక్టర్ మాత్రం ఆ డబ్బా తుడిపించి, అతిథులను పక్క మంచం దగ్గరికి నడిపించాడు. అక్కడ ఒక ముసలామె, గొంతులో గొట్టంతో, మంచానికి కట్టేసిన చేతులతో.

పిన్ని గది అదిరేలా అరిచింది. "ముందు ఆమె చెయ్యి విప్పి అడగండయ్యా!"

చిన్నపొన్ను డాక్టర్ వైపు చూడలేదు. వంగి, ముసలామె చేతి ముడి విప్పసాగింది.