లోపలికి జరిపిన బ్రేకు పిడి

2002 జూలై 14, ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు గీయడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట సీడీ మా మేనల్లుడు తెచ్చి ఇచ్చాడు. అందులో ఉన్నవన్నీ వేరే దేశాల ఇంజన్లు. రాజమండ్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరైన మా ఆయన కాసేపు చూసి, "ఇందులో నా సీటేదీ?" అన్నారు. ఇంకొక్కసారి తన డీజిల్ ఇంజన్లో కూర్చుని గోదావరి వంతెన దాటాలని ఆయన కోరిక. పైకి అన్నది మాత్రం ఆ ఒక్క మాటే.

నేను ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేశాను. కాలువల డ్రాయింగులు గీసిన చేతికి, సర్వీసు చివర్లో కంప్యూటర్ మీద గీయడం కూడా అలవాటైంది. మనం గీసిన బొమ్మల్ని కూడా ఆ ఆటలో పెట్టుకోవచ్చని మేనల్లుడు చెప్పాడు కాబట్టి, ఆయన క్యాబ్, అదే ఇంజన్లో డ్రైవరు కూర్చునే గది, నేనే తయారుచేస్తానన్నాను.

కొలతలు ఆయన చేతుల్లో ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, "ఇక్కణ్ణుంచి బ్రేకు పిడి జానెడు మీద నాలుగు వేళ్లు" అనేవారు. ఆయన జానను స్కేలుతో కొలిచాను: ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. ఆ లెక్కనే అన్నీ గీశాను. గీత తేడా వస్తే చెరిపి మళ్లీ గీశాను. కిటికీ అంచున తుప్పు మరక కూడా ఆయన చెప్పిన చోటే పెట్టాను.

డిసెంబరులో ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"బాగుందే. కానీ బ్రేకు మర్చిపోయావు."

"పెట్టానండి."

"ఎక్కడ పెట్టావ్, వంటింట్లోనా?"

"ఎడం పక్కన. మీరు చెప్పిన చోటే."

"ఎడం పక్కన ఏం లేదు. ట్రేసరమ్మగారికి పెన్షన్ రాగానే పని మీద శ్రద్ధ పోయిందండోయ్!"

నవ్వాను. పిడి తెర మీద ఎర్రగా కనబడుతూనే ఉంది. తల తిప్పి చూడమన్నాను. తిప్పగానే, "ఇదిగో, ఇప్పుడు పెట్టావు" అన్నారు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

మర్నాడు కంటి డాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నారు. పక్కచూపు ఏళ్ల తరబడి పోతోందట. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదట. పోయింది తిరిగి రాదన్నారు.

ఇంటికి రాగానే బ్రేకు పిడిని నాలుగు వేళ్లు లోపలికి జరిపాను. ఆ తర్వాత ఆయనకు ఏది కనబడకపోతే దాన్ని మధ్యకు తెస్తూ వచ్చాను: స్పీడు డయలు, హారన్, చివరికి కిటికీ. అలాంటి డ్రాయింగు ఆఫీసులో ఇస్తే నా మొహాన కొట్టేవారు.

"నా ఇంజన్ ఇంత ఇరుకు కాదే."

"మీరు లావెక్కారండి."

అయినా బ్రేకు వేయాల్సి వస్తే ఆయన ఎడమ చెయ్యి కీబోర్డు వదిలి, జానెడు మీద నాలుగు వేళ్ల దూరంలో గాలిని పట్టుకునేది.

ఆటలో గోదావరి లేదు. ఏదో దేశపు పెద్ద నది మీద వంతెననే గోదావరి అనుకునేవాళ్లం. అవతలి ఒడ్డు చేరగానే ఆయన "కొవ్వూరు" అనేవారు.

2006 మార్చి 5న ఎంతసేపటికీ ఆ మాట అనలేదు.

"వంతెన ఎక్కామా?" అన్నారు.

"దాటేశామండి."

"చెప్పొద్దూ?"

కీబోర్డు పక్కకు జరిపి, "ఇంక ఆపెయ్" అన్నారు. ఆపేశాను.

పోయినవి: ఎడమ కంటి చూపు, మొత్తం. కుడి కంటి చూపు, వెలుతురు తప్ప. క్యాబ్‌లో సరైన కొలతలు, పదిహేడు.