గ్రేస్ మేడమ్ చదివిన లాగ్ ఫైలు

మొన్న మా ఆఫీసు కింది అంతస్తులోకి వాననీళ్లు వచ్చాయి. నీళ్లు తోడేశాక సర్వర్ గది తలుపు తీస్తే, తడిసి ఆరుతున్న ఒండ్రుమట్టి వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇరవై ఏళ్ల కిందట పాల్వంచలో ఒక ఇనప పెట్టె మూత తీసినప్పుడు ఇదే వాసన వచ్చింది. ఆ మూత తీసింది గ్రేస్ మేడమ్.

మాది దమ్మపేట దగ్గర పల్లె. డిగ్రీ కాగానే పాల్వంచలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. మొత్తం ఆరుగురం. భద్రాచలం అవతలి అడవిలో, గోదావరిలో కలిసే వాగుల పక్కన, నీటిమట్టం చూసే గదులు ఉండేవి. ఒక్కో గదిలో ఒక ఆపరేటరు పావుగంటకోసారి వాగులోని గేజీ స్తంభం చూసి, ఆ అంకెను కంప్యూటర్లో కొట్టేవాడు. ఆ అంకెలు దాచే డేటాబేసు మేం రాసిందే. గ్రేస్ మేడమ్ మా అందరికీ పెద్ద. నలభై అయిదేళ్లుంటాయి. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పే గొంతు. మేం ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా కాగితం మీద ప్రింటు తీయించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్ర పెన్నుతో ఒక్కో వరుసా చూసుకుంటూ పోయేవారు. చేరిన కొత్తలో ఒకసారి విసుగొచ్చి, "నడుస్తోంది కదా మేడమ్" అన్నాను.

"నడుస్తది. ఎప్పుడు ఆగుతదో గా సంగతి చెప్పు, రాధా" అన్నారు తల ఎత్తకుండానే.

మరుసటి శ్రావణంలో నాకొక పని ఇచ్చారు. ఆపరేటరు కొట్టిన ప్రతి అంకె ముందుగా లాగ్ ఫైల్లో పడేది. అది నిండాక అందులోవన్నీ ఒకేసారి అసలు పట్టికలోకి చేరేవి. పట్టికలో చేరినవే ఫోను తీగ మీద, ఆ గదులు నడిపే పై ఆఫీసుకు వెళ్లేవి. లాగ్ ఫైలు ఎంత పెద్దగా ఉండాలన్నది ప్రోగ్రాములోనే బిగించేసి ఉంది. ఎవరికి కావలసిన సైజు వాళ్లు సెట్టింగుల్లో రాసుకునేలా మార్చాలి. రెండు రోజుల్లో పూర్తిచేసి, గర్వంగా ప్రింటు ఆవిడ ముందు పెట్టాను.

మధ్యాహ్నమే అయినా మబ్బు పట్టి లైటు వేసుకోవలసి వచ్చింది. మూడో కాగితం దగ్గర పెన్ను ఆగింది.

"సైజు మారిస్తే, పాత లాగ్ ఫైల్ల ఉన్నది ఏమైతది?"

"పాతది తీసేసి కొత్తది మొదలుపెడుతుంది మేడమ్. లాగే కదా, చెత్త."

"చెత్తని ఎవరు చెప్పిండ్రు? తెరిచి చూసినవా?"

చూడలేదు. ఆవిడ లేచి స్టోరు గదిలోంచి ఒక ఇనప పెట్టె తెప్పించారు. అంతకుముందు ఏడాది వరదలో మునిగి, తర్వాత మా దగ్గరికి చేరిన ఒక వాగు గది కంప్యూటరు అది. అక్కడి ఆపరేటరు పేరు ముత్తయ్య. ఆ వరదతో కనపడకుండా పోయాడు, శవమూ దొరకలేదు. అతని చివరి రీడింగు పొద్దున పదకొండుకు వచ్చింది కాబట్టి, వరదకు ముందే డ్యూటీ వదిలి పారిపోయాడని పై ఆఫీసు రాసుకుంది. ఏరు దాటి ఇంకెవరితోనో ఉంటున్నాడని కొందరన్నారు. మధ్యాహ్నం మూడింటికల్లా ఆ గది కప్పు మునగడం మాత్రం గుట్ట మీదికెక్కిన ఊరంతా చూసింది.

మూత తీయగానే మట్టి వాసన. డిస్కు పనిచేసింది. "ముందు నకలు తియ్యి. అసలును ముట్టకు" అన్నారు మేడమ్. ఒక నకలు మీద నా ప్రోగ్రాము నడిపాం. పాత లాగ్ పోయింది, కొత్తది వచ్చింది, పట్టిక చక్కగా తెరుచుకుంది. చివరి రీడింగు పదకొండు గంటలది. "చూశారా మేడమ్" అన్నాను. ఆవిడ ఇంకో నకలు మీద పాత లాగ్ తెరిచారు.

పదకొండు తర్వాత వరుసలున్నాయి. లాగ్ నిండకముందే పెట్టె మునిగింది కాబట్టి అవి పట్టికకు చేరనేలేదు.

మేడమ్ పైకి చదవసాగారు. పదకొండుంపావు, పదకొండున్నర, ప్రతిసారీ అంకె పెరుగుతోంది. ఒంటిగంటకు అంకె లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలున్నాయి: గేజీ కనపడ్తలేదు. ఒంటిగంటన్నరకు: నీళ్లు లోపలికొచ్చినయ్. రెండింటికి: మిషన్, బ్యాటరీ అటక మీద పెట్టిన, నేను గూడ ఎక్కిన. ఆ తర్వాత అంకె లేదు, మాట లేదు. సమయం ఒక్కటే. రెండుంపావు. రెండున్నర. రెండుముప్పావు. మూడు. మూడుంపావు. అలా నాలుగున్నర దాకా, ఒక్క పావుగంట తప్పకుండా.

తెర మీది చివరి సమయానికి వేలు చూపించాను. "మూడింటికే కప్పు మునిగింది కదా మేడమ్. తడిసిన కీబోర్డు దానంతటదే నొక్కుకుందేమో."

"పావుగంటకోసారా?"

కిటికీ అవతల వాన ఒకే జోరున పడుతోంది. మిషన్‌లోని గడియారం చెడి ఉంటుందని తర్వాత చాలామంది అన్నారు. నేనూ అలాగే నమ్మాలని చూశాను.

పై ఆఫీసుకు పంపడానికి జాబితా టైపు చేస్తూ, ఖాళీ వరుసలు వదిలేయనా అని అడిగాను. వాటిని చూస్తే నవ్వుతారని నా భయం.

"అవి గూడ పెట్టు. మనకు అర్థం కాలేదని తీసేస్తమా?" అన్నారు.

రెండు నెలల తర్వాత, ముత్తయ్య డ్యూటీలోనే చనిపోయాడని పై ఆఫీసు రాసిచ్చింది. అతని భార్య సమ్మక్క రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మా ఆయన ఉరికిపోలేదని గిండ్ల ఉన్నదా?"

"అవ్, ఉన్నదమ్మా."

"సదువుండ్రి."

మేడమ్ మొదటి నుంచి చదివారు. ఒక్కో వరుసకూ సమ్మక్క "ఊఁ" కొట్టింది, అతను ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు. ఖాళీ వరుసలకు మేడమ్ సమయాలు మాత్రమే చదివారు. వాటికీ ఊఁ కొట్టింది. అయిపోయాక తెర మీద అరచెయ్యి ఆనించి, "ఏం రాయలే గని, ఉన్నడు గద" అంది.

ఆమె వెళ్లాక నేను ప్రోగ్రాము మళ్లీ రాశాను. సైజు మారితే, పాత లాగ్‌లోని ప్రతి వరుసా పట్టికకు చేరాకే కొత్తది మొదలయ్యేలా. మేడమ్ రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఆవిడ చనిపోయి ఇప్పటికి ఆరేళ్లు.

ఇప్పుడు కుర్రవాళ్ల మార్పులు చూసేది నేను. "ఈ లాగ్‌లో ఇవన్నీ ఖాళీ వరుసలు మేడమ్, తీసేద్దామా?" అని అడుగుతుంటారు. ఉండనివ్వమంటాను. వాళ్లు వెళ్లాక ఆ వరుసల సమయాలు ఒక్కొక్కటిగా, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా పైకి చదువుతాను.