తలా తోకా

నా కూతురికి అప్పుడు ఐదేళ్లు. ఒకరోజు పొద్దున గౌను తొడుగుతుంటే కుడివైపు డొక్క మీద బొబ్బల చార కనిపించింది. వెన్ను దగ్గర మొదలై బొడ్డు వైపు వస్తోంది, సగంలో తెగిన మొలతాడులా. "మా, గౌను కరుస్తాండాది" అని ఏడ్చింది.

మా అత్త చాటలో శెనక్కాయలు ఒలుస్తూ తొంగి చూసింది.

"సర్పి లేసినాది. జాజు తెచ్చి పాము బొమ్మ రాయించాల. తలా తోకా కలిసినాయంటే పానం పోతాది."

"పిల్ల ఇంటాండాది అత్తా."

"ఇంటే ఏమి? నేనేమన్నా కలపతాండానా?"

ఆమె బాప్తిస్మం తీసుకుని చాలాకాలమైంది. ఎర్రజాజు, పాము బొమ్మ మాత్రం ఆ నీళ్లలో మునగలేదు.

జాజు రాయించలేదు. ఉరవకొండలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ముందు నన్నే అడిగింది, కడుపుతో ఉన్నప్పుడు నాకు అమ్మవారు పోసిందా అని. పోసింది, ఏడో నెలలో. అప్పటి పురుగే లోపలి బిడ్డ నరంలో దాక్కుని ఇన్నేళ్లకు లేచిందట. ఇంత చిన్నపిల్లలకు రావడం అరుదేగానీ వస్తుందట. మందు రాసిచ్చి, బొబ్బలను ఎవరూ తాకకూడదంది. తలా తోకా సంగతి పిల్లే అడిగింది.

"ఇది నడిమి గీత దాటదు పాపా. ఒక పక్కే ఉంటాది. నువ్వేం చేసినందుకూ రాలేదు" అంది డాక్టరమ్మ.

నా భయమంతా దాని గురించే. నొప్పి ఎలాగూ తగ్గుతుంది. తన తప్పు వల్లే వచ్చిందన్న మాట పిల్ల మనసులో పడితే దాన్ని తీసే మందు ఎక్కడ దొరుకుతుంది? బస్సులో ఇంటిదాకా నా కూతురు బొడ్డు మీద వేలు పెట్టుకుని కూర్చుంది, పాముకు కాపలా కాస్తున్నట్టు.

సాయంత్రం సంఘపెద్ద ఇద్దరు ఆడవాళ్లతో ప్రార్థనకు వచ్చాడు. చేతిలో నూనె సీసా.

"పేరులోనే సర్పం ఉండాది. వాకిలి తెరవకుండా సర్పం లోపలికి రాదు. ఎవురు తెరిచినారు?"

"కడుపులో ఉన్నప్పుడు నాకు పోసినాది పెద్దయ్యా, దాన్నుంచి వచ్చినాదంట. తాకొద్దన్నాది డాక్టరమ్మ."

"అయితే తల్లి పాపమా, పిల్ల పాపమా?"

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే. ప్రభువు రెండూ కాదన్నాడు. ఆ వాక్యం నాకు కంఠస్థం. ఆయనకు ఇంకా బాగా కంఠస్థం, సండేస్కూల్లో నాకు నేర్పింది ఆయనే. గుర్తుచేశాను.

"వాక్యం నాకే చెప్తాండావా?" అని నవ్వాడు.

అరచేతిలో నూనె పోసుకుని బొబ్బల మీద అదిమాడు. పిల్ల కేకకు వీధిలో కుక్క లేచి మొరిగింది. నేను ఆయన చెయ్యి లాగబోతే ఆడవాళ్లు నా రెండు రెక్కలూ పట్టుకున్నారు.

"సూడండి, లోపలోడు అరుస్తాండాడు" అన్నాడాయన. తల కొంచెం పక్కకు వంచి, మెత్తగా అడిగాడు. "ఏం చేసినావు పాపా? చెప్పేయ్. దాచిపెడితే పోదు."

పిల్ల నా వైపు చూసింది. అరచెయ్యి మళ్లీ లేచింది.

"కోత పండగ దినం దేవుని ముందర బెల్లం గిల్లుకుంటి."

"స్తోత్రం" అంది నా కుడిచెయ్యి పట్టుకున్నామె.

ఆ ఏడు వాన లేదు. దేవునికి పెట్టడానికి ఎవరి చేలోనూ ఏమీ పండక, సంతలో కొన్న బెల్లంతో కోత పండుగ జరిపాం.

మందు వల్లో దేవుని దయ వల్లో బొబ్బలు మాడి చెక్కు కట్టాయి. ఆ రెండూ ఒకటేనని నా నమ్మకం, ఇప్పటికీ. నడిమి గీత దాటలేదు. ఆదివారం సంఘపెద్ద పిల్లను బల్ల ఎక్కించి సాక్ష్యం చెప్పించాడు. బెల్లం దొంగిలిస్తే పాము వచ్చింది, ఒప్పుకుంటే పోయింది. మందిరమంతా చప్పట్లు. ఇంటికొచ్చి డాక్టరమ్మ మాట మళ్లీ చెప్పాను.

"ఆయమ్మకు బెల్లం సంగతి తెలీదు కదా మా" అంది నా కూతురు.

ఎండాకాలంలో సంఘపెద్ద మనవరాలికి మెడ మీద సెగ్గడ్డ లేచింది. చిన్నది, మాటలు సరిగా రాని పిల్ల. ఆరాధన అయ్యాక తాత ఒళ్లో తల వాల్చి మూలుగుతోంది. నా కూతురు నేరుగా వెళ్లి దాని ముందు నిలబడింది. తల కొంచెం పక్కకు వంచింది.

"ఏం చేసినావే? చెప్పేయ్. దాచిపెడితే పోదు."

నేను లేచేలోపే అరచెయ్యి గడ్డ మీద పెట్టి అదిమింది. పసిది గుక్కపట్టి అరిచింది. సంఘపెద్ద నా కూతుర్ని రెక్క పట్టి ఈడ్చి, నా మీదికి కళ్లెర్రజేశాడు.

"ఏమ్మా, పసిబిడ్డని ఇట్ల సతాయించేది ఎవురు నేర్పినారు దీనికి?"

నా కూతురి ముఖం వెలిగిపోతోంది.

"అరిసినాడు సూడు తాతా. ఉండాడు లోపల."