సర్వే మేడమ్

కష్టమైన ప్రశ్న అడిగే ముందు సైకాలజీ ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. తన కళ్ళకు సరిగా ఆనడం లేదని తెలిస్తే ఎదుటివాళ్ళు మనసు విప్పుతారని ఆమె నమ్మకం. ఇరుగుపొరుగు ఒకరికొకరు ఎంత ఆసరా అవుతారన్న పరిశోధనలోనే ఆమె తల నెరిసింది. వచ్చే నెల రిటైరవుతోంది. సర్వే కోసం ఏటా వచ్చే ఈ పేటకు ఇక ఇదే ఆఖరుసారి. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ముసలి బస్సు కండక్టరును ఎప్పటిలాగే అడిగింది.

“ఆపదొస్తే ముందు ఎవరికి చెప్పుకుంటారు?”

“ఇంకెవరికమ్మా, మీకే. ఏడాదికోసారైనా వచ్చి, కూర్చుని అడిగేది మీరేగా.”

ఇక రానని చెప్పబోయింది. ఒళ్ళోని కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. లేచి, అలవాటుకొద్దీ “వస్తానండీ” అంది.

మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు వినిపించింది. “ఈసారి కాస్త తొందరగా రండమ్మా.”